చిన్నబండి ఆగిన చోట

(శ్రీకాకుళం జిల్లా టెక్కలిలో గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు చేసిన ప్రసంగం. ఫోన్‌లో రికార్డు చేసినది విని రాశాం. మధ్యలో కరెంటు పోయి మైకు ఆగినప్పుడు ఆయన మాట్లాడిన కొన్ని మాటలు సరిగా వినపడలేదు, అవి వదిలేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. అయినా వినిపించకపోతే చెయ్యెత్తమన్న మాట మాత్రం ఎలా వినిపిస్తుంది, నా పిచ్చి గానీ. (నవ్వులు)

టెక్కలి పాత రైల్వే స్టేషన్ గురించి మాట్లాడమన్నారు. అరగంట టైమిచ్చారు. నలభై అయిదు నిమిషాల పీరియడ్లు చెప్పి చెప్పి రిటైరైనవాణ్ని, అరగంటకి ఆగడం రాదు. గంట కొట్టేస్తే ఆగిపోతాను. గంట సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

పాత స్టేషన్ అంటే ఇప్పుడు గుణుపురం బండి ఆగుతున్న పెద్ద లైను స్టేషన్ కాదు. చిన్నబండి స్టేషన్. 2004 జూన్‌లో మూసేశారు. ఆ పట్టాలు పీకేశారు. ఇక్కడున్న పిల్లల్లో ఎవరూ దాన్ని చూసి ఉండరు. అందుకని ముందు మీకో వస్తువు చూపిస్తాను. ఇదిగో, చేతులు మారుస్తూ చూడండి, వంచకండి.

ఇది టికెట్టు. కాగితం కాదు, అట్ట. చూపుడువేలు రెండు కణుపులంత పొడవు, బొటనవేలికన్నా కాస్త వెడల్పు. టెక్కలి నుంచి పర్లాకిమిడి, రెండో తరగతి. అంచు దగ్గర వేలితో తడమండి, గరుగ్గా తగులుతుంది. అది తేదీ. కౌంటర్ పక్కన ఒక ఇనప యంత్రం ఉండేది. స్టేషన్ మాస్టారు టికెట్ అంచు అందులోకి తోస్తే 'టక్'మనేది, తిప్పి రెండో అంచు తోస్తే మళ్లీ 'టక్'. ఆ చప్పుడు వింటే గానీ బండెక్కుతున్నామన్న ధీమా వచ్చేది కాదు మాకు. సిరా ఎప్పుడో వెలిసిపోయింది, నొక్కిన గుర్తు మిగిలింది. అదీ ఇప్పుడు నాకు సరిగా తగలడం లేదు. అరిగింది అట్టో, నా వేలో.

ఈ అట్ట టికెట్టు కనిపెట్టినవాడు ఎడ్మండ్‌సన్ అనే ఇంగ్లీషు స్టేషన్ మాస్టారు, 1830లలో. అంతకుముందు ప్రతి ప్రయాణికుడికీ చేత్తో చీటీ రాసిచ్చేవారట. ఈయన ముందే అచ్చు వేయించి, ప్రతి అట్ట మీదా వరస నంబరు వేయించాడు. అందులో కిటుకేంటంటే, సాయంత్రం ఎన్ని టికెట్లు పోయాయో చూసుకోవడానికి మాస్టారు డబ్బులు లెక్కపెట్టక్కర్లేదు. పొద్దున్న పైనున్న నంబరెంత, ఇప్పుడు పైనున్న నంబరెంత, తీసేస్తే అన్ని టికెట్లు అమ్ముడైనట్టు. డబ్బులు దానికి సరిపోవాలి, అంతే. మా మావయ్య ఈ సంగతి చెబితే ఆరో తరగతిలో నాకు తీసివేత మీద గౌరవం పుట్టింది.

మా మావయ్య ఈ స్టేషన్లోనే పాయింట్‌మేన్, అంటే బండి దారి మళ్లించే పట్టాలు మార్చేవాడు. మా అమ్మకి తమ్ముడు. నా దగ్గర ఒకప్పుడు బిస్కట్ డబ్బా నిండా ఇలాంటి టికెట్లుండేవి, ఆయన ఇచ్చినవి. ఒకాయన పుస్తకం రాస్తానని పట్టుకెళ్లాడు. పేరు చెప్పను, ఆయన టికెట్లు ఇవ్వలేదు, పుస్తకమూ రాయలేదు. నిఘంటువులో గుర్తుకోసం పెట్టుకున్న ఈ ఒక్కటీ మిగిలింది. మావయ్య కాగితాలు, రూల్సు పుస్తకం, డ్యూటీ డైరీలు అయితే నేనే పాతసామాన్లవాడికి వేసేశాను, ఇల్లు సున్నం వేయిస్తూ. చరిత్ర మాస్టార్ని కదా.

సరే, అసలు కథ. మన పక్కనుంచి పెద్ద లైను ముందు వచ్చింది. కటక్ నుంచి బెజవాడ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే అని ప్రభుత్వం వేసింది, 1893 నుంచి 1896 లోపల ముక్కలు ముక్కలుగా తెరిచారు. ఆ లైను ఊళ్లని చూసుకుంటూ రాలేదు. సముద్రం వారగా, వాళ్ల లెక్కకి ఏది దగ్గరదారో అలా పోయింది. అందుకే శ్రీకాకుళం స్టేషన్ శ్రీకాకుళంలో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది. పాతరోజుల్లో దాని పేరు చికాకోల్ రోడ్, ఇప్పుడు శ్రీకాకుళం రోడ్. స్టేషన్ పేరు చివర 'రోడ్' అని ఉందంటే అర్థం ఏంటి? దిగిన తర్వాత ఇంకా రోడ్డు ఉంది, బండి కట్టించుకోండి బాబూ అని. మనకీ అంతే. పెద్ద లైను టెక్కలిని ముట్టుకోలేదు, నౌపడా మీదుగా పోయింది.

మరి పర్లాకిమిడి? నౌపడా నుంచి నలభై కిలోమీటర్లు లోపలికి, కొండల మొదట్లో ఉంది. ఎద్దుబండి మీద అంటే సాయంత్రం బయల్దేరితే రాత్రంతా పోవాలి. అక్కడ రాజా గౌరచంద్ర గజపతి. ఆయనకి మద్రాసు పోవాలన్నా కలకత్తా పోవాలన్నా ముందు నౌపడా చేరాలి. సొంతంగా రైలు వేసుకుంటానని అడిగాడు, 1898లో అనుమతి వచ్చింది. ఏడు లక్షల రూపాయల ఖర్చు. 1900 ఏప్రిల్ 1న నౌపడా నుంచి పర్లాకిమిడికి బండి నడిచింది. పర్లాకిమిడి లైట్ రైల్వే. రాజుగారి రైలు.

ఈ ఏప్రిల్ ఒకటి సంగతి చూడండి. రైలు మొదలైంది 1900 ఏప్రిల్ 1న. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది 1936 ఏప్రిల్ 1న. ఈ లైను కొత్త ఈస్ట్ కోస్ట్ రైల్వే చేతికి వచ్చింది 2003 ఏప్రిల్ 1న, మూసేయడానికి ఏడాది ముందు. లెక్కల సంవత్సరం మొదలు గనక సర్కారువాళ్లు ఆ తేదీ పెడతారు, అంతకుమించి ఏం లేదు. కానీ పిల్లలకి తేదీలు బట్టీ పట్టించడానికి నాకు బాగా పనికొచ్చింది.

దాన్ని చిన్నబండి అని ఎందుకన్నాం? పట్టాల మధ్య దూరం వల్ల. దాన్నే గేజ్ అంటారు. పెద్ద లైనుకి 1676 మిల్లీమీటర్లు, అంటే అయిదున్నర అడుగులు. దీనికి 762 మిల్లీమీటర్లు, రెండున్నర అడుగులు. మా చిన్నప్పుడు ఒక పట్టా మీద ఒక కాలు, రెండో పట్టా మీద రెండో కాలు వేసి నిలబడేవాళ్లం, అందింది. పెద్ద లైను మీద అలా చెయ్యాలంటే ఏ హనుమంతుడో కావాలి. సన్న గేజ్ అయితే పట్టా తేలిక, కట్ట వెడల్పు తక్కువ, భూమి తక్కువ పడుతుంది, మలుపు చిన్నగా తిప్పుకోవచ్చు, వంతెనలు చవక. ఏడు లక్షల్లో ఇరవై అయిదు మైళ్లు అందుకే వచ్చింది.

చవకగా వచ్చినదాని ఖరీదు తర్వాత కట్టాలి కదా. అది కట్టిన చోటు నౌపడా.

నౌపడా అంటే ఉప్పు. ఉప్పు మళ్లు మీరంతా చూసినవే. ఆ ఉప్పు కొండ ఊళ్లకి వెళ్లాలి. కొండల్లోంచి చింతపండు, వెదురు, ధాన్యం కిందికి రావాలి. కానీ పెద్ద బండి పట్టాలు వేరు, చిన్నబండి పట్టాలు వేరు. పెద్ద వ్యాగన్ చిన్న పట్టాల మీద నడవదు. అంచేత పైనుంచి వచ్చిన ప్రతి బస్తా నౌపడాలో దించాలి, మళ్లీ ఎత్తాలి. పెద్ద వ్యాగన్ ఒక పక్క, చిన్న వ్యాగన్ ఇంకో పక్క, మధ్యలో ముఠా, అంటే బస్తాలు మోసే కూలీల జట్టు. తలపాగా చుట్ట, భుజం మీద గోనెసంచి మడత, చేతిలో కొక్కెం. చింతపండు బుట్టలు మోసేవాడి వీపు నల్లగా జిగటగా ఉండేది. ఉప్పు మోసేవాడి మెడ మీద తోలు పగిలి ఉండేది. సాయంత్రం నూతి దగ్గర ఆ పగుళ్ల మీద మంచినీళ్లు పడినప్పుడు వాళ్లు వేసే కేక, నేను పదేళ్లవాణ్ని అప్పుడు, ఇప్పటికీ మర్చిపోలేదు. ఉప్పు దిగుతున్నప్పుడు కాదండీ, మంచినీళ్లు పోసుకున్నప్పుడు మంట.

రైల్వే పుస్తకాల్లో దీన్ని పెద్ద లోపంగా రాస్తారు. గేజ్ మారే చోట ఆలస్యం, నష్టం, దొంగతనం. నిజమే. కాని ఆ లోపం మీదే నౌపడాలో వందల పొయ్యిలు వెలిగాయి. ముఠావాళ్లు, వాళ్లకి అంబలి అమ్మేవాళ్లు, గోనెసంచులు కుట్టేవాళ్లు, పెద్ద బండి దిగి చిన్నబండి కోసం గంటలు గంటలు కూర్చున్నవాళ్లకి టీ పోసేవాళ్లు. సరుకు ఆగకుండా పోయే చోట ఊరికేం దక్కదు. ఆగాలి, దిగాలి, చేతులు మారాలి. ఈ మాట మీద నాతో ఒప్పుకోనివాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు, మా అబ్బాయి సహా. వాడు లాజిస్టిక్స్ కంపెనీలో పని చేస్తాడు.

దీనికి విజయనగరం పక్క ఇంకో సాక్ష్యం ఉంది, ఒక్క నిమిషం పక్కకి వెళ్తాను. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా లైను 1908, 1909 ప్రాంతంలో వచ్చింది. బొబ్బిలి దగ్గర చీలి సాలూరు దాకా ఒక కొమ్మ వేశారు, 1913లో. అక్కడితో ఆగిపోయింది. ఎదురుగా ఘాటు, పైన ఒరిస్సా కొండల్లో కోరాపుట్, జైపూర్. రైలు కొండెక్కలేదు. మరి సరుకు ఎక్కాలి కదా! మొదట బళ్లు, తర్వాత లారీలు. సాలూరు లారీల ఊరని రాష్ట్రమంతా పేరు. అక్కడ రైలు ఆగిపోయింది గనకే లారీ పుట్టింది అంటాను నేను. ఆ బొబ్బిలి సాలూరు కొమ్మ మీద చివరికి రైలు బస్సు తిప్పారు. ఒక్క పెట్టె, బస్సులాగే ఉండేది, పట్టాల మీద పోయేది. నేను ఒకసారి ఎక్కాను, సరదాకి. అక్కడివాళ్లకి అది సరదా కాదులెండి.

మళ్లీ మన రాజుగారి దగ్గరికి. మొదట పదేళ్లూ రైలు నష్టాల్లోనే నడిచింది. 1910 తర్వాత ఏదో కాస్త మిగిలింది. 1924-25 తర్వాత బాగా లాభం వచ్చింది. అప్పటికి గౌరచంద్ర కొడుకు కృష్ణచంద్ర గజపతి రాజు. లాభం చూసి లైనుని వంశధార పక్కగా పైకి పొడిగించాడు, 1929లో కొంత, 1931లో మిగతాది, గుణుపురం దాకా. మొత్తం తొంభై కిలోమీటర్లు. గుణుపురం అప్పుడు విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ, జైపూర్ జమీ.

ఈ కృష్ణచంద్ర గజపతే ప్రత్యేక ఒరిస్సా రాష్ట్రం కోసం లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో వాదించినవాడు. 1937లో ఒరిస్సాకి మొదటి ప్రధానమంత్రి కూడా ఆయనే, అప్పుడు ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. 1936లో సరిహద్దు గీశారు. పర్లాకిమిడి పట్నం అటు, జమీందారీలో పెద్ద భాగం, పాతపట్నం, టెక్కలి, నౌపడా ఇటు. ఒకే రాజు రైలు, మొదలు మద్రాసు రాష్ట్రంలో, కొస ఒరిస్సాలో. పాతపట్నం దాటితే పర్లాకిమిడే, రెండు స్టేషన్లకీ మధ్య చెప్పుకోదగ్గ దూరం లేదు. బోర్డు మీద అక్షరాలు మాత్రం తెలుగు గుండ్రాల నుంచి ఒరియా గుండ్రాలకి మారిపోతాయి. ఇక్కడివాళ్లెవరికీ అవి చదవడం రాకపోయినా అదే పర్లాకిమిడని తెలుసు, కూతురి అత్తారిల్లు ఉన్న ఊరికి బోర్డు చదువుకుని దిగుతారా ఎవరైనా?

ఇక్కడ గిడుగు రామమూర్తి గారిని తలుచుకోకుండా పోలేం. పర్వతాలపేటలో, శ్రీముఖలింగం పక్కన, వంశధార ఒడ్డున 1863లో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాస్టారుగా చేరారు. అప్పటికి రైలు లేదు. సవరల భాష నేర్చుకోవడానికి ఆయన తిరిగిన కొండలు ఈ లైనుకి అటూ ఇటూ ఉన్నవే. జీవితంలో ముప్పాతిక భాగం ఆ ఊళ్లో గడిపారు. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపొద్దని పోరాడారు. కలిపేశారు. ఆ కొత్త రాష్ట్రం మొదలయ్యే వేళకి ఊరు వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికి డెబ్బై రెండేళ్లు. ఏ బండిలో వెళ్లారో నేనెక్కడా చదవలేదు, ఊహించి కథ అల్లను. కాని ఆ ఊరి నుంచి పెద్ద సామానుతో ఎవరు కదిలినా ఆ రోజుల్లో దారి ఏదో మీకు తెలుసు.

(ఇక్కడ కరెంటు పోయింది.)

...వినిపిస్తోందా? సరే. తర్వాత కంపెనీలు మారాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే, 1955 నుంచి సౌత్ ఈస్టర్న్, ఆఖర్న ఈస్ట్ కోస్ట్. బోర్డు మీద పేరు మారింది తప్ప బండి వేగం మారలేదు. నడుస్తున్న బండి దిగి చెరుకుగెడ విరుచుకుని మళ్లీ అదే బండి ఎక్కేవాళ్లమని మీ తాతలు చెప్పుంటారు. నేను మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు, చేసినవాణ్ని చూడలేదు. ప్రపంచంలో ఎక్కడ చిన్న రైలున్నా ఈ చెరుకు కథ చెబుతారు, ఊరిని బట్టి చెరుకు బదులు జామకాయ. నిజంగా చూసింది చెబుతాను. ఇంజిన్ నీళ్లు పట్టుకుంటున్నంత సేపూ డ్రైవరు దిగి ముఖం కడుక్కుని, మా మావయ్య దగ్గర చుట్ట ముట్టించుకుని, తన ఇంటి సంగతి అంతా చెప్పేవాడు. నీళ్లు నిండిపోయి కారిపోతుంటే అప్పుడు లేచేవాడు.

స్టేషన్ ఎలా ఉండేదంటారా. పెంకులు, ముందు రేకు పంచ, ఒక కిటికీలోంచి టికెట్లు, పక్కన వేపచెట్టు. ప్లాట్‌ఫాం అంటే నేలకి జానెడెత్తు, అంతే. చిన్నబండి మెట్టు కిందికే ఉంటుంది, ముసలమ్మలు కూడా చీర కొంచెం ఎత్తి పట్టుకుని ఎక్కేసేవారు. మేకపిల్లని ఒళ్లో పెట్టుకుని పోయినవాళ్లని చూశాను. చిమ్నీ తుడిచి కిరసనాయిలు పోసి సిగ్నలు దీపం పెట్టడం మావయ్య పని, అది రోజూ పొద్దుగూకే వేళకి. కిరసనాయిలు వాసన ఆయన చొక్కాకి ఆదివారాలు కూడా పోయేది కాదు. మా అత్త ఆ చొక్కాలు వేరే బానలో ఉతికేది.

గంట అన్నాను కదా. ఇత్తడి గంట కాదు. మూరెడు పట్టా ముక్కకి బెజ్జం వేసి, పంచ దూలానికి గొలుసుతో వేలాడదీశారు. పక్కన ఒక ఇనప కమ్మీ. బండి మలుపు తిరిగి కనబడగానే మావయ్య మొదటి గంట కొట్టేవాడు. బయల్దేరే ముందు రెండోది. ఆ గంట మా వీధి దాకా వినిపించేది. మా ఇంట్లో గడియారం లేదు, దాన్ని బట్టే వంట.

ఇప్పుడు చేదు మాట. ఈ స్టేషన్ని ఎవరు మూశారు? ఢిల్లీవాళ్లు అంటాం. దేశమంతా ఒకే గేజ్ ఉండాలని 1992లో పథకం పెట్టారు, మన లైను వంతు వచ్చింది. 2002 సెప్టెంబరులో నౌపడాలో శంకుస్థాపన చేశారు, 2004 జూన్‌లో చిన్నబండి ఆపేశారు. అది కాగితం మీద. అంతకు పదిహేనేళ్ల ముందే నేను ఆ బండి ఎక్కడం మానేశాను. మీలో తల నెరిసినవాళ్లంతా మానేశారు. రోడ్డు బాగుపడింది, బస్సు పర్లాకిమిడికి గంటన్నరలో దించేస్తోంది, పైగా ఇంటి సందు మొదట్లో ఎక్కొచ్చు. ఉప్పు బస్తా కూడా లారీ ఎక్కేసింది. లారీకి గేజ్ లేదు, నౌపడాలో దించి ఎత్తక్కర్లేదు. మావయ్య చివరి రోజుల్లో నన్నడిగాడు, "ఏరా, మీ పిల్లల్ని ఒక్కసారైనా ఎక్కించావా మన బండి?" అని. లేదు. సెలవుల్లో ఎక్కిస్తాననుకున్నాను. ఎన్నో సెలవులు పోయాయి.

ఆఖరి రోజు, 2004 జూన్ 9. బడులు తెరిచే ముందు మాకు పాఠ్యపుస్తకాల లెక్క ఉంటుంది. బండిని నాలుగు రోజులు పొడిగిస్తారని ఎవరో అన్నారు, నమ్మేశాను. శనివారం వెళ్దామనుకున్నాను. మర్నాడు సైకిల్ మీద అటు వెళ్తే ప్లాట్‌ఫాం మీద బంతిపూల రేకులున్నాయి, వాడిపోయి. ఇంజిన్‌కి దండ వేసి పంపినట్టున్నారు. టికెట్ కిటికీ చెక్క వేసేసి ఉంది. చరిత్ర మాస్టారు చరిత్రకి లేటు.

తర్వాత ఆరేళ్లు ఈ లైను మీద ఏ బండీ లేదు. కట్ట మీద పిల్లలు క్రికెట్ ఆడారు, చోళ్లు ఎండబోశారు. 2010 ఆగస్టులో పెద్ద లైను పర్లాకిమిడి దాకా తెరిచారు, 2011 జూలైలో గుణుపురం దాకా. ఇప్పుడు పూరీ నుంచి ఎక్కినవాడు నౌపడాలో దిగకుండా గుణుపురం పోతున్నాడు. విశాఖపట్నం నుంచి కూడా పోతున్నాడు. గర్భిణీ స్త్రీ సామానుతో దిగి, గంటలు కూర్చుని, మళ్లీ ఎక్కక్కర్లేదు. చాలా మంచి పని. చిన్నబండి మళ్లీ రావాలని నేను అనను, అలా అనేవాళ్లు దాంట్లో ఎండాకాలం ఎప్పుడూ కూర్చోలేదు. నా బాధ ఒకటే. నౌపడాలో దిగనక్కర్లేకపోయాక నౌపడా ఏం చేసింది అన్నది ఎవరూ రాసి పెట్టలేదు. రాజు పేరుంది, ఏడు లక్షలుంది, తేదీలున్నాయి. ముఠా మేస్త్రి పేరు ఒక్కటి కూడా ఏ కాగితంలోనూ నాకు దొరకలేదు. రాసినవి ఏవైనా ఉంటే, నాలాంటి వెధవ ఎవడో పాతసామాన్లవాడికి వేసుంటాడు.

నాకు తెలిసింది ఇంతే. ఏవైనా ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: సార్, చిన్న ఇంజిన్‌కి వేగం తక్కువెందుకు?)

మంచి ప్రశ్న. ఇంజిన్‌కి బలం లేక కాదు. పట్టాల మధ్య దూరం తక్కువ, పైన పెట్టె అంతకు రెండింతలకు పైగా వెడల్పు. ఇరుకు బల్ల మీద పెద్ద పళ్లెం పెట్టినట్టు. మలుపులో జోరుగా తిప్పితే ఒరిగిపోతుంది. పైగా పట్టా తేలిక, కింద కంకర పల్చన. అందుకని మెల్లగా. డీజిల్ ఇంజిన్లు వచ్చాక పొగ పోయింది తప్ప ఈ లెక్క మారలేదు.

(ఒక ప్రేక్షకుడు: ఆ పట్టా గంట ఇప్పుడెక్కడుందండీ?)

నాకు తెలీదు బాబూ. నేనూ వెతికాను.

(వెనక వరసలోంచి ఒక పెద్దావిడ: ఓ మేస్టారూ, నాను సెప్పొచ్చా ఒక ముక్క?)

అయ్యో, చెప్పండమ్మా. మైకు అటివ్వండ్రా. నిలబడక్కర్లేదు, కూర్చునే చెప్పండి.

(పెద్దావిడ: ఆ గంట సంగతి తప్పు సెప్పినావు బాబూ. బండి కనబడినాక కొట్టీవోడు కాదు మీ మావ. పక్క టేసన్లో బండి వొదిలిందని పోనొచ్చీసరికి కొట్టీవోడు. కనబడినాక కొడితే మాకేటి నాభం? ఉడకబెట్టిన సెనక్కాయలు డెక్సా నింపి, నెత్తి మీదెట్టుకొని, ఈది సివర నించి టేసనుకి రావాల నాను. ఆ మొదటి గంట ఇని పొయ్యి కాడ లేస్తే, బండి ఆగీసరికి కిటికీ కాడుండేదాన్ని. ఒక్కోపాలి నాను రాపోతే రెండో గంట కొట్టకుండా ఆపీసేవోడు. ఆ సంగతి సెప్పలేదా నీకు?)

లేదమ్మా. చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

(పెద్దావిడ: డ్రైవరికి గుప్పెడు కాయలిచ్చీదాన్నిలే. ఊరికే ఆగుతాడేటి.)

(నవ్వులు, చప్పట్లు)

రికార్డు చేస్తున్న బాబూ, నేను మొదటి గంట గురించి చెప్పిన ముక్క కొట్టెయ్. కాదు, కొట్టెయ్యకు, అలాగే ఉంచి దాని కింద అమ్మగారి మాట రాయి. అమ్మా, ముఠాలో మీకు తెలిసినవాళ్లెవరైనా నౌపడాలో ఉన్నారా? ఏ వీధి? మేస్త్రి పేరు గుర్తుందా? ఆగండి, పెన్ను తీస్తాను.